ఆర్డిస్ గారి వారం మాట

“తలుపు అని ఇచ్చాను. తలుపు! ఇంతకంటే తేలికైన మాట ఇంకేం ఉంటుంది చెప్పు? తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, ఎవరో వస్తారు, ఎవరో పోతారు. డోరీన్ కూడా తన పిల్లిని ఆ తలుపులోంచి బయటికి పంపి, అది తిరిగి రాలేదని రాసి అందరి చేతా కళ్ళు తుడిపించింది. మరి ఈ మనిషి ఏం రాశాడు? గారేజీ తలుపు! స్ప్రింగు తుప్పు పట్టిందట. నూనె వేశాడట. ఇప్పుడు చప్పుడు లేదట. అయిపోయింది పద్యం!”

“తలుపు బాగయిందిగా, సంతోషం,” అన్నాను.

“నవ్వకు రోండా. నువ్వు నవ్వితే దువ్వెన నా చెవి మీదికొస్తుంది.”

శుక్రవారం పొద్దున, ఆడవాళ్ళ జుట్టు తీర్చే నా దుకాణంలో మొదటి కుర్చీ ఆర్డిస్ గారిది. తల తడిపించుకుని, రోలర్లు చుట్టించుకుని, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు టోపీ కింద కూర్చుని, ఆ వారానికి సరిపడా మాట్లాడి వెళ్తారు. టోపీ కింద ఉన్నవాళ్ళకి ఆ హోరులో తమ గొంతు తమకి వినపడదు. అందుకని రహస్యాలన్నీ ఆవిడ కేకలేసి చెబుతారు. పక్క కుర్చీలో ఎవరైనా ఉంటే వాళ్ళు మర్యాదగా పత్రిక తిరగేస్తూ, ఒక్క పేజీ కూడా చదవకుండా, మొత్తం వింటారు.

ఆర్డిస్ గారు మా ఊరి బడిలో వంటావిడ. ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు, కానీ ఈ ఊళ్ళో నా ఈడు వాళ్ళందరం ఆవిడ వడ్డించింది తిని పెరిగినవాళ్ళమే. బ్యాంకులో కూర్చునే పెద్దమనిషి ఎదురైనా ఆవిడకి గుర్తొచ్చేది అతని హోదా కాదు. “వీడు బఠాణీలు జేబులో దాచేవాడు,” అంటారు. లాయిడ్ గారు, ఆవిడ భర్త, రేవులో ఓడలకి ఇనపరాయి ఎక్కించే పనిలో ఉండేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. “ఊరి పిల్లలందరికీ పెట్టాక ఇంట్లో వాళ్ళకి పెట్టే ఓపిక ఎక్కడుంటుందిలే,” అంటారు ఎవరైనా జాలిపడబోతే. జాలి ఆవిడకి పడదు.

కవిత్వానికీ ఆవిడకీ చుట్టరికం ఎలా కలిసిందో చెప్పాలి. మా గ్రంథాలయం నేలమాళిగలో సోమవారం సాయంత్రాలు కొందరం కూడి పద్యాలు చదువుకుంటాం. దాన్ని మొదలుపెట్టిన పంతులమ్మ మరో ఊరు వెళ్ళిపోయినప్పుడు, ప్రతి వారం రాయడానికి ఒక మాట ఇచ్చేవాళ్ళు కావలసివచ్చింది. మాట లేకపోతే మావాళ్ళు రాయరు. ఊరికే రాయమంటే “నా దగ్గర చెప్పడానికేముంది” అని చేతులు కట్టుకుంటారు. అప్పుడు మందుల షాపు వెండెల్ అన్నాడు: “ముప్ఫై ఏళ్ళు ప్రతి వారం ఊరంతా ఏం తినాలో చెప్పినావిడ ఉండగా, ఏం రాయాలో చెప్పడానికి ఇంకొకరెందుకు?”

ఆర్డిస్ గారు వద్దన్నారు. మళ్ళీ అడిగారు. మీరే ఎవరైనా చూసుకోండి అన్నారు. మళ్ళీ అడిగారు. “సరే, ఇంకెవరూ దొరికేదాకా,” అన్నారు. ఇంకెవరినీ ఎవరూ వెతకలేదు.

ఆవిడ మాత్రం ఒక్క పద్యం రాయలేదు ఇంతవరకు. “వండినవాళ్ళు తినరు. వాసనతోనే కడుపు నిండుతుంది,” అంటారు.

మాటలు ఇవ్వడంలో ఆవిడ పద్ధతి అచ్చంగా బడి వంటింటి పద్ధతే. ఒక వారం బరువైనది పెడితే మరుసటి వారం తేలికది. “దుఃఖం వరసగా రెండు వారాలు పెట్టకూడదు పిల్లా. అరగదు.” పండగల ముందు తీపి. జనవరిలో మంచు గురించి అసలు ఇవ్వరు. “బయట ఉన్నది చాలదా, లోపలికి కూడా ఎందుకు?” అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి: ఇచ్చే మాట చేత్తో పట్టుకోగలిగినదై ఉండాలి. ప్రేమ, కాలం, ఒంటరితనం, ఇలాంటివి నిషేధం.

“ప్రేమ అని ఇచ్చావనుకో, అందరూ అబద్ధాలు రాస్తారు,” అని ఒకసారి నాకు విడమర్చారు. “ఉన్ని మేజోళ్ళు అని ఇచ్చి చూడు. మొగుడి మేజోళ్ళు తను తొడుక్కుని వాకిట్లో మంచు పారతో ఎత్తిపోసిన రోజు గురించి రాస్తుంది ఒకావిడ. అదీ ప్రేమే. కానీ తనకి తెలియకుండా రాస్తుంది. తెలియకుండా రాసిందే బాగుంటుంది.”

సోమవారం సమావేశం చివర మాట చెబుతారు. మర్నాడు సహకార దుకాణంలో మాంసం అమ్మే గస్ దాన్ని తన సుద్దబోర్డు మీద రాస్తాడు, పంది పక్కటెముకల ధర కింద. అందుకని మా ఊళ్ళో కవులు కానివాళ్ళకి కూడా ఈ వారం మాట ఏమిటో తెలుసు. “అరకిలో కైమా ఇవ్వు గస్. ఏంటీ, ఈ వారం తాళంచెవా? మా ఆవిడ కారు తాళంచెవి పోగొట్టిన కథ చెప్పనా?” అని వరసలో నిలబడి కవిత్వం చెప్పేవాళ్ళున్నారు. గస్ ఎముకలు కొడుతూ వింటాడు.

ఎల్డన్ గారు ఈ గుంపులోకి చేరింది రెండేళ్ళ కిందట. జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఇల్లు ఆర్డిస్ గారి ఇంటికి ఎదురుగా. భార్య పోయాక ఆ ఇంట్లో రేడియో తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. మొదటి సోమవారం వచ్చి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని, “గది వెచ్చబెట్టే వేడి గొట్టాల్లో ఏదో చప్పుడు వస్తోందంటే చూద్దామని వచ్చాను,” అన్నారు. చూశారు, బాగుచేశారు, ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు.

ఆయన పద్యాలు నాలుగు పంక్తులు దాటవు. ఏ మాట ఇచ్చినా ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో, ఎలా చెడుతుందో, ఎలా బాగుపడుతుందో రాస్తారు. ఖాళీ కుర్చీ అని ఇస్తే వెండెల్ తన నాన్న గురించి ప్రాస కట్టి రాసి సగంలో ఆగిపోయాడు, చదవలేక. ఎల్డన్ గారు కుర్చీ కోడు ఊగితే ఏ జిగురు వాడాలో రాశారు. నిజం చెప్పాలంటే ఆ జిగురు నేను కొన్నాను. బాగా పట్టింది.

ఎల్డన్ గారి తలుపు పద్యం మీద ఆవిడ విసుక్కున్న ఆ శుక్రవారమే నాకొక అనుమానం మొదలైంది. రోలర్లు చుడుతూ వెనక్కి లెక్కేసుకున్నాను. తలుపు. దానికి ముందు ఎదురింటి దీపం. దానికి ముందు రెండు కప్పులు. అంతకుముందు రోడ్డుకి అటువైపు గేటు.

“ఆర్డిస్ గారూ, ఈమధ్య మీరిచ్చే మాటలన్నీ ఒకే ఇంటివైపు తిరిగి కూర్చుంటున్నాయేమిటి?”

“నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయి.”

“నీళ్ళు ఎప్పుడో ఆపేశాను. మీ తల మీద రోలర్లున్నాయి.”

అద్దంలో నా వైపు చూశారు. ఆ చూపుకి బఠాణీలు దాచుకున్న పిల్లలు జేబులు తిరగేసి చూపించేవాళ్ళు. నేను పిన్ను నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం నా వృత్తిలో సగం పని.

“రెండుసార్లు అడిగాడు,” అన్నారు చివరికి.

“ఏమని?”

“శుక్రవారం క్లబ్బులో చేప వేపుడు పెడతారుగా. అక్కడికి రమ్మని. అక్టోబరులో చర్చి బయట, బండిలో చోటుంది అన్నాడు. నేను ఇంట్లో నిన్నటి కూర మిగిలి ఉందన్నాను. తర్వాత మొదటి మంచు పడ్డప్పుడు నా వాకిట్లో మంచు ఎత్తుతూ, చెబితే ఇద్దరికి బల్ల వేస్తారు అన్నాడు. నీకెందుకు శ్రమ అన్నాను.”

“తర్వాత?”

“తర్వాతేముంది? నోరు మూసుకున్నాడు. ఇక అడగలేదు. మంచు మాత్రం ఎత్తి పోతున్నాడు, నేను లేచేసరికే. ఎవరైనా రెండుసార్లు అడిగి వదిలేస్తారా? ఏ తల్లి పెంచింది ఆ మనిషిని?”

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. మా వైపు మర్యాదే అంత. కాఫీ తాగుతారా అంటే వద్దనాలి. ఇంకోసారి అడిగితే మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి అడిగితే, ఎలాగూ కాచి ఉంటే ఒక్క సగం కప్పు అనాలి. సగం అంటే నిండుగా అని అర్థం. మొదటిసారే అవునన్నవాడు ఆశపోతు. మూడోసారి అడగనివాడు పిసినారి. మూడోసారి కూడా వద్దంటే అది నిజంగా వద్దనే. ఇక ఆ మాట ఎత్తడం మర్యాద కాదు. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పరు. నేను నా పెళ్ళికి కూడా మూడోసారికే ఒప్పుకున్నాను.

“అయితే మీరే అడగొచ్చుగా?”

“కాదన్నది నేను. కాదన్నవాళ్ళు వెనక్కి తిరిగి అడిగితే దాన్ని అడగడం అనరు, అడుక్కోవడం అంటారు.” మెడ దగ్గర తువ్వాలు సర్దుకుని, “అందుకే మాటలు ఇస్తున్నాను. తలుపు ఇచ్చాను. దీపం ఇచ్చాను. రెండు కప్పులు ఇచ్చాను పిల్లా! రెండు కప్పులకి ఏం రాశాడో గుర్తుందా?”

గుర్తుంది. కప్పుల్లో కాఫీ మరక పోవాలంటే వంటసోడా వేసి రుద్దాలని.

“నేను కూడా వాడుతున్నాను ఆ చిట్కా,” అన్నాను.

“దించు ఆ టోపీ నా తల మీదికి. నీతో మాట్లాడి లాభం లేదు.”

మరుసటి శుక్రవారం ఆవిడ వచ్చినప్పుడు ముఖం వేరుగా ఉంది. కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు.

“వెళ్ళిపోతున్నాడట.”

“ఎవరు?”

“ఎవరేమిటి? ఇల్లు అమ్మకానికి పెడుతున్నాడట. ఈస్టర్ అవగానే కూతురి దగ్గరికి, అరిజోనా. అక్కడ మంచు పడదట. గస్ చెప్పాడు. నాకు నా ఎదురింటి సంగతి మాంసం కొట్టేవాడు చెప్పాలి!”

మంచు తోసి బతికిన మనిషి మంచు పడని ఊళ్ళో ఏం చేస్తాడని నేను హాస్యమాడబోయి మానుకున్నాను. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఊరంతటికీ గరిటె తిప్పిన చేతులు అలా ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

“రోజూ పొద్దున ఆయన వంటింటి దీపం వెలుగుతుంది,” అన్నారు మెల్లిగా. టోపీ కింద లేరు కాబట్టి గొంతు చిన్నదిగానే ఉంది. “అది చూసి నేను కాఫీ పెట్టుకుంటాను. అంతకంటే ఏమీ లేదు. కానీ అది లేకపోతే నేను ఎప్పుడు పెట్టుకోవాలి కాఫీ?”

నేను తల దువ్వడం మొదలుపెట్టాను. అలాంటప్పుడు చెయ్యగలిగింది అదొక్కటే.

రోలర్లు సగమయ్యాక ఆవిడ నిటారుగా కూర్చున్నారు. “సోమవారం మాట దొరికింది. మూడోసారి.”

“అది చేత్తో పట్టుకునేది కాదు.”

“కాదు.”

“మీ నియమానికే విరుద్ధం. అందరూ అబద్ధాలు రాస్తారని మీరే…”

“వస్తువు ఇస్తే దాని వెనక దాక్కుంటున్నాడు. తలుపిస్తే తలుపు వెనక, కుర్చీ ఇస్తే కుర్చీ వెనక. ఈసారి దాక్కోవడానికి ఏమీ పెట్టను. ఏం చేస్తాడో చూస్తాను.”

మూడోసారి అన్న మాట గస్ బోర్డు మీదికి ఎక్కగానే ఊళ్ళో కొంచెం గందరగోళమైంది. పక్కటెముకలు మూడోసారి కొంటే తగ్గింపేమో అని ఒకరిద్దరు గస్‌ని అడిగారు. డోరీన్ నా దుకాణానికి వచ్చి, “పిల్లికి మూడోసారి టీకా వేయించిన సంగతి రాస్తే కుదురుతుందా?” అంది. బాగా కుదురుతుందన్నాను. ఎల్డన్ గారు మాత్రం ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారట. గస్ ఏం కావాలని అడిగితే, “ఏమీ వద్దు,” అన్నారట. గస్ మర్యాదస్తుడు, మళ్ళీ అడిగాడు. అయినా వద్దన్నారట. మూడోసారి అడిగేలోగా తలుపు దాటి వెళ్ళిపోయారట.

పద్యాలు చదివే సోమవారం వచ్చింది. గ్రంథాలయం నేలమాళిగలో కాఫీ, నిమ్మకాయ కేకు బిళ్ళలు, మడత కుర్చీలు. మా గుంపులో ఒక పద్ధతి ఉంది. పద్యం చదివాక బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనకూడదు. ఒక్కొక్కరూ తమకి గుర్తుండిపోయిన ముక్క తిరిగి చెప్పాలి, అంతే. ఇందులో ఉన్నది మీరేనా, ఆవిడ ఎవరు, ఇది నిజంగా జరిగిందా అని అడగడం అసలు కుదరదు. ఆ పద్ధతి లేకపోతే ఈ ఊళ్ళో ఎవరూ నోరు విప్పరు.

డోరీన్ టీకా చదివింది. వెండెల్ మూడోసారి డ్రైవింగు పరీక్ష తప్పినది ప్రాసలతో చదివాడు. నవ్వుకున్నాం. ఆర్డిస్ గారు మాత్రం నిమ్మకాయ బిళ్ళ చేత్తో పట్టుకుని కొరకడం మర్చిపోయారు.

ఎల్డన్ గారు లేచి నిలబడ్డారు. ఆయనెప్పుడూ నిలబడి చదవరు. కాగితం నాలుగు మడతలుంది, విప్పడానికి టైం పట్టింది. ఆయన గొంతు రోడ్డు మీద మంచుబండి వెళ్ళినట్టే ఉంటుంది, నిదానంగా, ఒకే ఎత్తున.

మాంసం కొట్టు దగ్గర ఒకసారి చెప్పాను,
క్లబ్బులో చేప బాగుంటోందట అని.
నూనె పడదంది.
చర్చి బయట రెండోసారి చెప్పాను,
బండిలో చోటుందని.
నిన్నటి కూర ఉందంది.
మంచు ఎత్తుతూ మూడోసారి చెప్పాను,
ఇద్దరికి బల్ల వేస్తారని.
శ్రమ ఎందుకంది.
ఇంక అడగడం మర్యాద కాదు.
మంచు మాత్రం పడుతూనే ఉంది,
ఎవరో ఒకరు ఎత్తాలి కదా.

కూర్చున్నారు. కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టారు.

వేడి గొట్టాలు ఒక్కసారి టక్కుమన్నాయి. ఊళ్ళో చేప వేపుడు ఎక్కడ పెడతారో, ఎల్డన్ గారు ఎవరి వాకిట్లో మంచు ఎత్తుతారో మాకందరికీ తెలుసు. పద్ధతి ప్రకారం ఎవరికీ ఏమీ తెలియదు.

“నూనె పడదంది,” అంది డోరీన్, నేలవైపు చూస్తూ.

“ఇద్దరికి బల్ల వేస్తారని,” అన్నాడు వెండెల్. దగ్గాడు.

“ఎవరో ఒకరు ఎత్తాలి కదా,” అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వంతు ఆర్డిస్ గారికి వచ్చింది. ఆవిడ నిమ్మకాయ బిళ్ళ పళ్ళెంలో పెట్టేశారు. బుగ్గలు బడి వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డప్పటిలా ఎర్రబడ్డాయి. “నాకు… అంతా గుర్తుంది,” అన్నారు. అలా అనడం పద్ధతి కాదు. ఒక్క ముక్కే చెప్పాలి. ఎవరూ ఆ మాట అనలేదు.

“వచ్చే వారం మాట?” అని వెండెల్ గుర్తుచేశాడు, గదిలో గాలి ఆడేలా చేద్దామని.

“లేదు,” అన్నారు ఆర్డిస్ గారు. “ఈ వారం నా దగ్గర మాట లేదు.”

ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. ఎల్డన్ గారి ముఖం చూశాను. తను చదివినదానికి ఆవిడ నొచ్చుకుందనీ, అందుకే మాట ఇవ్వడం కూడా మానేసిందనీ ఆయన అనుకున్నట్టు తెలిసిపోతోంది. టోపీ తీసుకుని, కాఫీ కూడా తాగకుండా, ఎవరూ ఒక్కసారైనా అడిగేలోగా మెట్లెక్కి వెళ్ళిపోయారు.

మంగళవారం గస్ బోర్డు మీద పక్కటెముకల ధర ఒక్కటే ఉంది. దాని కింద ఖాళీ. ఊరు ఊరంతా దుకాణానికి వచ్చి ఆ ఖాళీని చూసిపోయింది. “మాట ఏదీ?” అని అందరూ అడిగితే గస్ భుజాలెగరేసి కత్తికి సానపెట్టుకున్నాడు. బుధవారం వెండెల్ నాతో చెప్పాడు, ఎల్డన్ గారు మోకాళ్ళ మాత్రలకి వచ్చి, ఇక సోమవారాలు రాను, సామాను సర్దుకోవాలి అన్నారని. గురువారం ఒక ఇళ్ళ దళారీ కారు ఆ వాకిట్లో ఆగింది.

శుక్రవారం ఆర్డిస్ గారు రావాల్సిన వేళకంటే ముందే వచ్చి, నేను తాళం తీస్తుంటే వెనకాల నిలబడ్డారు.

“అది అడగడమా?” అన్నారు, లోపలికి కూడా రాకుండానే. “నువ్వు చెప్పు రోండా. క్లబ్బులో చేప బాగుంటోందట. అది అడగడమా? అది వార్త! వాతావరణం చెప్పినట్టు చెప్పాడు. నేను కూడా ఉన్నమాటే చెప్పాను, నూనె పడదని. అదెక్కడ లెక్కలోకి వస్తుంది?”

“ఆయన లెక్కలో వచ్చింది.”

“ఆయన లెక్క! మూడుసార్లు కాదన్నదాన్ని అనుకుంటున్నాడు నన్ను. ఇన్నాళ్ళూ! మూడుసార్లు కాదన్నదాని వాకిట్లో మంచు ఎత్తుతున్నాడు!” కోటు విప్పి కొక్కానికి తగిలించడానికి రెండుసార్లు ప్రయత్నించారు.

కూర్చోబెట్టి తల తడిపాను. కళ్ళు మూసుకున్నారు. నీళ్ళ చప్పుడులో ఏదో గొణిగారు. ఏమిటన్నాను.

“నూనె పడటం పడకపోవడం ఏమీ లేదు. ఊరికే అన్నాను. ఆ రోజు జుట్టు బాగాలేదు, మాంసం కొట్టు దగ్గర ఆయన్ని చూస్తాననుకోలేదు. నీ దగ్గరికి రావడానికి ముందు రోజు అది, గురువారం.”

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడ కూడా నవ్వారు, కళ్ళు తెరవకుండానే. తర్వాత ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది.

“మూడుసార్లు కాదన్నాక ఆయన అడగడు. అడిగితే ఆయన మంచి మనిషి కాదు. అడగకపోతే వెళ్ళిపోతాడు.”

“మరి మీరు అడిగితే అడుక్కోవడం అన్నారు.”

“అన్నాను. అప్పుడు నా లెక్క వేరు. రెండుసార్లకే వదిలేసినవాణ్ణి నేనెందుకు అడగాలి అనుకున్నాను. మూడుసార్లు అడిగినవాడికి నేను బాకీ పడ్డట్టేగా.” అద్దంలో తనని తాను చూసుకున్నారు. తల మీద అప్పటికి నేను చుట్టిన సగం రోలర్లు, మెడ చుట్టూ తువ్వాలు. “కానీ ఎదురుగా వెళ్ళి నిలబడి అడగలేను పిల్లా. నా నోరు మళ్ళీ నూనె పడదంటుంది. దాని సంగతి నాకు తెలుసు. అది ముందు వద్దని, తర్వాత ఆలోచిస్తుంది.”

“మరైతే?”

ఆవిడ కిటికీలోంచి వీధి అవతలికి చూస్తున్నారు. నేనూ చూశాను. ఎదురుగా ఇనపసామాను కొట్టు ముందు ఎల్డన్ గారి నీలం ట్రక్కు ఆగి ఉంది. ఆయన కట్ట కట్టిన అట్టపెట్టెలు, సామాను సర్దుకునేవి, వెనక ఎక్కిస్తున్నారు. పైకి చూడలేదు. శుక్రవారం పొద్దున నా దుకాణంలో ఎవరుంటారో ఆయనకి తెలుసు కాబట్టే చూడలేదు.

“మాట లేకుండా మనవాళ్ళు ఎవరూ రాయరు,” అన్నారు ఆర్డిస్ గారు. “నేను కూడా అంతే. ఇన్నేళ్ళూ వడ్డిస్తూ నిలబడ్డాను గదా, నాకెవరూ ఒక్క మాటా ఇవ్వలేదు. ఇస్తే రాసేదాన్నేమో.”

“ఇప్పుడు ఇమ్మంటారా నేను?”

“నువ్వు కాదు.” ఆవిడ చెయ్యి తువ్వాలు కిందనుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి పట్టు ఇప్పటికీ గట్టిదే. “వెళ్ళి ఆయనతో చెప్పు. ఈ వారం మాట ఆయనే ఇవ్వాలి. గస్ బోర్డు ఖాళీగా ఉందని చెప్పు. ఆయన ఏం ఇచ్చినా ఈసారి రాసేది నేను. పద్యం నాకు రాదు, ఒక్క ముక్కే రాస్తాను. అవునని. ఆ మాటకి అవునన్న జవాబు సరిపోయేలా చూసి ఇమ్మను, లేకపోతే నవ్వులపాలవుతాను. సోమవారం దాకా ఆగనక్కర్లేదని కూడా చెప్పు. ఈ రోజు శుక్రవారం, క్లబ్బులో చేప వేపుడు రోజు.”

“ఇవన్నీ నేను ఎలా…”

“ఎలాగో చెప్పు. ముందు వద్దంటాడు. నాకెందుకు, నేను వెళ్ళిపోయేవాణ్ణి అంటాడు. నువ్వు ఈ ఊళ్ళో పుట్టినదానివేగా, నీకు నేను నేర్పాలా? నిలబడి అడుగు. ఆఖరి అట్టపెట్టె ఎక్కించేస్తున్నాడు, చూడు. నా తల సంగతి తర్వాత చూద్దువుగానిలే, ఎండిపోతే మళ్ళీ తడుపుకుందాం. పరిగెత్తు రోండా. కోటు వేసుకుని వెళ్ళు, బయట గాలిగా ఉంది.”